పందొమ్మిదో అంచు

ఆదివారం, దుర్గాష్టమి

మా అబ్బాయికి కరెంటాఫీసులో ఇచ్చిన నిరుటి డైరీ ఇది. వారాలు కలవవు, అందుకని తిథి వేసుకుంటున్నాను. నాది ఐదో తరగతి. ఒత్తులు తప్పినా అడిగేవాళ్లు లేరు. లోపల పెట్టుకుంటే గుండె దడదడలాడుతోంది, రాస్తే కాస్త నెమ్మదిస్తుంది.

వచ్చే సోమవారం మా కోడలు ఉమాశ్రీ మాదాపూర్‌లో ఆ గుండ్రటి మేడకు వెళ్లాలి. పైదేశాల బట్టల మిల్లులకు ప్రోగ్రాములు రాసే ఆఫీసట. నాలుగు నెలలు కూర్చుని రాసింది అక్కడ చూపించాలి. ఇంతకుముందు మూడు చోట్ల ముప్పై దాటాయి, పెళ్లయింది అని పంపించేశారు. "ఇదే ఆఖరు అత్తయ్యగారూ. ఇదీ రాకపోతే ఈ కంప్యూటరు పెట్టె మీద గుడ్డ కప్పేస్తాను" అంది నిన్న. నవ్వుతూనే అంది. ఆ నవ్వే నాకు భయం.

ఉమ రాసింది చీర అంచులు గీసే ప్రోగ్రాము. అంచులు మాత్రం మా ఆయనవి, మొత్తం పందొమ్మిది. చీరాలలో ఆయన గ్రాఫు కాగితం మీద గీసి గళ్లు చదివేవారు, మగ్గం మీద అంచు నేయించే జకార్డు అట్టలకు నేను చిల్లులు కొట్టేదాన్ని. రెండు వదులు, మూడు కొట్టు, ఒకటి వదులు. ఆయన పోయి పదకొండేళ్లు. తొంభైలో వచ్చిన తుపానుకు కాగితాలన్నీ ముద్దయిపోయాయి. అంచులు నా వేళ్లలో ఉండిపోయాయి. నేను చెబుతుంటే ఉమ పెట్టెలోకి ఎక్కించింది. కొట్టు అంటే ఒకటి, వదులు అంటే సున్నా. దానికి అంతకు మించి భాష రాదట! నలభై ఏళ్లు నేను మాట్లాడిందీ ఆ భాషే అని ఆ రోజు తెలిసింది. 

ఇంకో వింత. వినాయక చవితికి ఉమ తమ్ముడు బాలు పూనా నుంచి వచ్చి, ఏదో పత్రికతో ఇచ్చిన సీడీ వేసి, పెట్టెలోని డిస్కును రెండు వాటాలు చేసి వెళ్లాడు. ఒక వాటాలో విండోస్, రెండో వాటాలో లైనక్స్. మీట నొక్కగానే ఎవరింటికి అని అడుగుతుంది. ఉమ పనంతా విండోస్ వాటాలోనే. రెండోది ఆఫీసుల్లో అడుగుతున్నారని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. ఒకే పెట్టెలో రెండు కాపురాలు, మాటా మాటా లేదు. ఇంటి ఓనరు లక్ష్మమ్మగారికీ మాకూ మధ్య ఒక్క గోడే, అయినా నల్లా దగ్గర మాట రాని రోజు లేదు.

రేపు నవమి. మా మగ్గంలో పేక దారం నడిపిన నాడె దాచుకున్నాను, తీసి కడగాలి.

సోమవారం, మహర్నవమి

పూజ బాగానే అయింది.

ఉమ బంతిపూలకు ఎర్రగడ్డ వెళ్లింది. వెళ్తూ పెట్టెను నడిపించి వెళ్లింది. "లోపల డిస్కు సర్దుకుంటోంది అత్తయ్యగారూ, మూడు గంటలు పడుతుంది, ముట్టుకోకండి" అంది. ముట్టుకోలేదు. తొమ్మిదింటికి రాహుకాలం వెళ్లింది. మళ్లీ దుర్ముహూర్తం ఉంది, ఆలోగా కానివ్వాలి. మగ్గం నడుస్తుండగా ఎవరైనా పూజలో పెడతారా? నాడె బయటికి తీసి, పడుగు మీద చెయ్యి తీసేసి, నిశ్శబ్దంగా ఉంచాలి. పనిముట్టుకు ఏడాదికి ఒక్క పూట విశ్రాంతి. ఈ పెట్టె మాత్రం గుర్రుమని తిరుగుతూనే ఉంది. నేను పెట్టెను ముట్టుకోలేదు. గోడకున్న స్విచ్చి ఒక్కటి తీశాను. కొత్త జాకెట్టు గుడ్డ కప్పి, గంధం పెట్టి, పక్కన నాడె పెట్టాను.

ఉమ వచ్చి, "ఆగిపోయిందే?" అంది.

"కరెంటు పోయిందమ్మా" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. కరెంటు పోతూనే ఉంటుంది కదా. దీపం ఆర్పితే ఆరుతుంది, వేస్తే వెలుగుతుంది. అంతే.

మంగళవారం, విజయదశమి

వెలగలేదు.

జమ్మి ఆకు పంచుకుని వచ్చాక ఉమ మీట నొక్కింది. నీలం తెర, మీద తెల్లటి అక్షరాలు. మళ్లీ నొక్కింది, మళ్లీ నీలం. తొమ్మిదిసార్లు లెక్కపెట్టాను. పదోసారి ఉమ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"సర్దుతుండగా కరెంటు పోయింది కదా, ఎక్కడివక్కడ ఆగిపోయాయి" అంది. ఇంకో నకలు దాచిన ఫ్లాపీ తీసి చూస్తే దాని మీద బూజు, ఇక పనికిరాదట.

విధవ చెయ్యి గంధం పెట్టకూడదేమో. అదే అయి ఉంటుంది. స్విచ్చికీ దీనికీ ఏం సంబంధం.

బుధవారం

మా అబ్బాయి రామాంజనేయులు రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. "నవమి పొద్దున మా సెక్షన్‌లో కోత లేదే" అన్నాడు.

"మన ఇంటికొక్కదానికే పోయిందేమోరా."

"అలా ఒక్క ఇంటికి పోతే ఫ్యూజు మాడాలమ్మా."

బల్ల వేసుకుని ఎక్కి ఫ్యూజు తీసి చూశాడు. బాగానే ఉంది. అయినా మార్చాడు. నేను కింద బల్ల పట్టుకుని నిలబడ్డాను. నా చేతులు వణికితే బల్ల వణికింది. "గట్టిగా పట్టుకో అమ్మా" అన్నాడు.

చెప్పేద్దామనుకున్నాను. పైన కరెంటు దగ్గర ఉన్నవాడికి చెప్పకూడదు కదా, ఉలిక్కిపడతాడు. దిగాక కాఫీ అడిగాడు. అలా అయిపోయింది.

గురువారం

మా అబ్బాయికి అనుమానం తీరలేదు. ఫ్యూజు మళ్లీ మార్చాడు.

శుక్రవారం

బాలు దసరా సెలవులకు స్నేహితులతో షిరిడీ వెళ్లాడట. పూనా హాస్టలుకు ఉమ మూడు రోజులుగా ఫోను చేస్తోంది, ఎప్పుడొస్తాడో తెలియదంటున్నారు. ఇక ఆగలేక ఈ వేళ కంప్యూటర్ షాపు వెంకట్‌ను పిలిపించింది. మెడలో స్క్రూడ్రైవరు వేలాడేసుకుని వచ్చాడు. చూసి, "దీంట్లో ఏముంది మేడం, మొత్తం తుడిచేసి విండోస్ కొత్తగా వేస్తా, గంటలో కొత్త పెళ్లికూతురు లెక్క ఉంటది" అన్నాడు.

"లోపలున్నవి?"

"అవి పోతాయి. కానీ మిషన్ నడవాలె కదా?"

ఉమ గోడ మీది క్యాలెండరు చూసింది. "మూడు రోజులున్నాయి. గుర్తున్నంత మళ్లీ రాస్తాను. కానివ్వండి" అంది.

నా నోట ఎవరు పలికించారో, "ఈ వేళ శుక్రవారం" అన్నాను.

"అయితే ఏంటి అత్తయ్యగారూ?"

"శుక్రవారం ఇంట్లోంచి ఏదీ తుడిచి అవతల పారెయ్యరు. బూజు కూడా దులపరు. రేపు రమ్మను."

ఉమ నా వంక చూసిన చూపు నేను ఈ డైరీలో రాయను. వెంకట్ నవ్వి, "పెద్దావిడ మాట, రేపు పదకొండుకొస్తా" అని వెళ్లిపోయాడు. నవమి పూజ పేరుతో చెడగొట్టాను, ఇప్పుడు శుక్రవారం పేరుతో ఒక రోజు తినేశాను. జనవరిలో రెండువేల సంవత్సరం రాగానే లోకంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పేపర్లో రాస్తున్నారు. ఇదీ అప్పుడే ఆగి ఉంటే నా మీదికి రాకపోను.

ఈ మాట కొట్టేయాలి. కొట్టేస్తే మచ్చ పడుతుంది. ఉండనీ.

శనివారం

ఈ రోజు చూసింది చూసినట్టు రాయాలి. మర్చిపోకూడదు.

పదింటికి గోడ అవతల నుంచి లక్ష్మమ్మగారి కేక. ఫోను ఆవిడ వాటాలోనే ఉంది, మాకు లేదు. "ఉమమ్మా! మీ తమ్ముడు పూనా నుంచి! జల్ది రా!"

ఉమ పరుగెత్తింది. నేనూ వెనకే. ఉమ గబగబా జరిగిందంతా చెప్పి, వింటూ వింటూ నేల మీద కూలబడింది. భయపడి "ఏమైంది?" అన్నాను. ఫోను చెవికి ఉండగానే, "పోలేదట" అంది. "ఆ ఇంట్లోకి ముందు గుమ్మం నుంచి వెళ్లలేకపోతే, లైనక్స్ ఇంట్లో కూర్చుని లోపలికి చూడొచ్చట. విండోస్ లేవక్కర్లేదట."

 నీలం తెర చూసి లోపల అంతా కాలిపోయిందనుకున్నాను. తలుపు బిగుసుకుందంతే! సామాను ఎక్కడిది అక్కడే ఉంది, దీపం లేదు. పక్కవాటా వాళ్లు వాళ్ల దీపం పెట్టి చూస్తారు!

అయితే ఫోను లక్ష్మమ్మగారి ముందు గదిలో, పెట్టె మా వెనక గదిలో. వైరు గడప దాటదు. బాలు చెప్పేది వింటూ ఉమ కొట్టాలి. "ఏంది పరేషాన్, నేను లేనా? మీ తమ్ముడు చెప్తడు, నేను ఒర్రుత, పెద్దమ్మ మోసుకపోతది" అంది లక్ష్మమ్మగారు. ఆవిడ ఫోను దగ్గర, ఉమ పెట్టె దగ్గర, మధ్యలో రెండు గడపలు దాటుతూ నేను.

"జర నిమ్మలంగ చెప్పు బిడ్డా, నాకు ఇంగ్లీషు ఏబీసీడీల కాడికే. ఎం. ఓ. యు. ఎన్. టి."

నేను నోట్లో పెట్టుకుని పరుగెత్తాను. ఎం, ఓ, యు, ఎన్, టి. ఉమ కొట్టింది. అలా అయిదారుసార్లు తిరిగాను. ఉమ చివరి మీట నొక్కితే పెట్టె ఒప్పుకోలేదు.

"పెద్ద యజమాని అయితేనే తెరుస్తుందట. బాలు పాస్‌వర్డు అడగండి."

వెళ్లి చెప్పాను. లక్ష్మమ్మగారు ఫోనులో అడిగి, కాసేపు విని, ముసిముసిగా నవ్వింది. "చెప్తలేడు పెద్దమ్మా. ఉమమ్మకే చెప్తడంట. ఏ, సిగ్గేంది బిడ్డా, నేను మీ అక్క అసొంటిదాన్నే." మళ్లీ విని, గోడ అదిరేలా అరిచింది. "రేణుక! ఆర్ తోని మొదలంట! ఉమమ్మా, గీ రేణుక ఎవరో అర్సుకో!"

లోపల్నుంచి ఉమ నవ్వు వినిపించింది. వారం తర్వాత. ఆ నవ్వుకు నేను గడప మీద ఒక్క క్షణం ఆగిపోయాను.

పాస్‌వర్డు పట్టింది. మళ్లీ మొదటి నుంచి అక్షరాలు మోశాను. పెట్టె మళ్లీ ఒప్పుకోలేదు. మళ్లీ తిరిగాను. మళ్లీ ఒప్పుకోలేదు. పదకొండు కావస్తోంది, వెంకట్ వచ్చేస్తాడు. బాలుకు ఫోను బిల్లు ఎగిరిపోతోంది. మోకాళ్లు పట్టేశాయి. అప్పుడు నాకు తోచింది. ఆయన గళ్లు చదివేటప్పుడు వదిలేవి కూడా చెప్పేవారు. చెప్పకపోతే అట్ట అంతా పాడు. నేను లక్ష్మమ్మగారి చేతిలోంచి ఫోను తీసుకున్నాను. జన్మలో రెండోసారి ఫోను పట్టుకోవడం.

"బాబూ, నేను ఉమ అత్తయ్యను. ఎక్కడెక్కడ వదలాలో చెప్పలేదు నువ్వు."

"ఏంటండీ?"

"అక్షరాల మధ్య. ఎక్కడ కొట్టకుండా వదలాలి?"

చెప్పిందంతా అతను తనలో ఒకసారి గొణుక్కున్నాడు. తర్వాత, "అయ్యో, ఖాళీలు! సారీ అండీ, మౌంట్ తర్వాత ఒకటి వదలాలి. గీత తర్వాత టి, మళ్లీ ఒకటి వదలాలి..." అని మొత్తం చెప్పాడు. కొట్టు, వదులు. కొట్టు, వదులు. ఇక నేను మర్చిపోతానా? ఆ చదువు నాది. మధ్యలో ఇంకో మాట చెప్పాడు. ఆర్, ఓ అని రెండక్షరాలు తప్పకుండా పెట్టాలట. పెడితే ఆ ఇంట్లోకి చూడొచ్చు, కావలసినవి రాసుకుని తెచ్చుకోవచ్చు, కానీ లోపల ఒక్క పుల్ల కూడా కదపలేం. దెబ్బ తిన్న ఇంట్లో ఇంకేదీ చెదరకుండా అదే కాపలా అన్నాడు. చెయ్యి పెట్టకుండా ఉండటానికి కూడా ఒక ఆజ్ఞ ఉంటుందన్నమాట. నాకెవరూ చెప్పలేదు.

ఉమ పక్కన నిలబడి మొత్తం అప్పజెప్పాను. నొక్కింది.

ఏమీ జరగలేదు. తెర మీద మాటే లేదు. మళ్లీ తిరగాలనుకుని గడప వైపు కదిలాను. ఉమ మాత్రం నెమ్మదిగా, "ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టు అత్తయ్యగారూ" అంది. ఇంకేదో రెండు అక్షరాలు కొట్టింది.

వచ్చాయి. పేర్లు. వరసలు వరసలుగా, వాన నీళ్లు గడప దాటి లోపలికి వచ్చినట్టు వచ్చాయి. ఉమ వేలు పెట్టి చూపించింది, ఇది నా ప్రోగ్రాము, ఇవి మీ అంచులు. ఒకదాని పేరు కొట్టింది. తెర నిండా ఒకట్లూ సున్నాలూ. నాకు ఇంగ్లీషు రాదు, లైనక్స్ రాదు. కాని కళ్లద్దాలు తీసేసి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను. ఒకట్లు దగ్గర దగ్గరగా చేరి తొండం అయింది. సున్నాల్లోంచి నాలుగు కాళ్లు. ఏనుగు అంచు. మూసిన ఇంట్లోంచి గోడ దాటి, ఒక్క కాలు కూడా పోకుండా ఏనుగు నడిచి వచ్చింది!

చేతులు జోడించాను. దేనికో తెలియదు.

వెంకట్ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "అరే, ఎట్ల తీసిండ్రు మేడం?" అన్నాడు. "నిన్న తుడిచేసి ఉంటే ఖతం ఉండె."

ఉమ అన్నీ ఫ్లాపీలోకి రాసుకుంటూ ఒక్కొక్క అంచూ తెరిచి చూసింది. పద్దెనిమిది బాగున్నాయి. పందొమ్మిదోది జంట హంసలు. అది తెరిస్తే ఒకట్లూ సున్నాలూ లేవు. తలకిందుల గుర్తులు, చుక్కలు, ఎవరో పిడికిలితో చల్లినట్టు.

"దాన్ని జరుపుతూ ఉండగా ఆగినట్టుంది" అంది ఉమ. "నాదే తప్పు. పండగ పూట పెట్టి వెళ్లకుండా ఉండాల్సింది. కరెంటును ఏమనుకుని ఏం లాభం."

వారం రోజుల్లో తనది తప్పు అనడం అదే మొదలు.

"కరెంటు పోలేదు" అన్నాను. "నేనే తీశాను. నడుస్తున్న మగ్గానికి పూజ చెయ్యరని."

ఉమ కుర్చీ తిప్పింది. "ఏమన్నారు?"

మళ్లీ అన్నాను.

"ఆయన ఫ్యూజు రెండుసార్లు మార్చారు! మీరు బల్ల పట్టుకున్నారు! నేను నాలుగు రాత్రులు..." గోడ మీది స్విచ్చి వైపు వేలు చూపించింది. "ముట్టుకోవద్దని చెప్పే వెళ్లాను కదండీ!"

"పెట్టెను ముట్టుకోలేదమ్మా" అన్నాను. అని సిగ్గుపడ్డాను.

ఉమ లేచి మేడ మీదికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం అన్నానికి దిగలేదు. నేనూ తినలేదు. సాయంత్రం లక్ష్మమ్మగారు వచ్చి, "కోడలు పైన బట్టలు తీస్త లేదు, ఊకె ఆ గుండ్రం బిల్డింగు దిక్కు చూస్తున్నది, ఏమన్న అన్నవా?" అని అడిగింది. "అన్నాను" అని చెప్పాను. "అంటె ఇగ ఆమె అనేది గూడ విను మరి" అంది.

దీపాలు పెట్టే వేళకు ఉమ దిగి వచ్చింది. పెట్టె ముందు కూర్చుంది. నా వంక చూడకుండా, "హంసలు. మొదటి వరస. ఎన్ని వదలాలి?" అంది.

ఆదివారం

పొద్దుటి నుంచి చెప్పాను. కళ్లు మూసుకుని, కుడి చేతిలో సుత్తి ఉన్నట్టు పీట మీద కొట్టుకుంటూ. నాలుగు వదులు, రెండు కొట్టు. తోక వచ్చింది, రెక్క వచ్చింది, మెడ వచ్చింది. మెడ వంపు దగ్గర ఆయన గొంతు వినబడినట్టే ఉంది. ముక్కు దగ్గర గొంతు ఆగిపోయింది. రెండు కొట్టు అనేవారా, మూడా? చెయ్యి మూడు కొట్టింది. మూడు అన్నాను.

పూర్తయ్యాక దూరం నుంచి చూస్తే ముక్కు ఒక గడి పొడుగు. ఆయన హంస ముక్కు అలా ఉండేది కాదు. కాగితాలు లేవు, ఆయన లేరు, ఆ చీరలు ఎవరి పెట్టెల్లో ఉన్నాయో. తప్పని చెప్పగలిగే మనిషి లోకంలో నేనొక్కదాన్నే.

సరిచెయ్యమని చెప్పబోయాను. మళ్లీ చూశాను. పొడుగు ముక్కుతో రెండు హంసలూ ఒకదానికొకటి దాదాపు తగులుతున్నాయి. ఆయన వాటిలో తగిలేవి కావు.

చెప్పలేదు. ఇది దాచడం అవుతుందా?

రామాంజనేయులికి స్విచ్చి సంగతి చెప్పాను. వెళ్లి ఫ్యూజు డబ్బా మూత బిగించి వచ్చాడు. తర్వాత, "ఆ ఫ్యూజు వైరు మంచిదమ్మా, ఇంకో పదేళ్లు చూడక్కర్లేదు" అన్నాడు.

సోమవారం

పొద్దున ఉమ ఫ్లాపీలను పసుపు రాయకుండానే సంచిలో పెట్టుకుంది. నేను పసుపు రాస్తానని అడగలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం ఆరింటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా, "ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు అత్తయ్యగారూ" అంది. నా కాళ్లకు దణ్ణం పెట్టబోతే ఆపి, ముందు కూర్చోబెట్టాను, మంచినీళ్లు ఇచ్చాను. చేతులు వణికి సగం ఒలికాయి. ఈసారి ఎవరూ గట్టిగా పట్టుకో అనలేదు.

అక్కడ గోడంత తెర ఉందట. దాని మీద ఒక్కొక్క గడీ పిడికిలంత కనబడిందట. పందొమ్మిది అంచులూ నడిపించి చూశారట. చివరిది చూసి వాళ్లలో పెద్దాయన ఇవెవరు గీశారని అడిగాడట.

"ఏం చెప్పావు?"

"పద్దెనిమిది మా మామగారివి, హంసలు మా అత్తగారివి అని."

 "నీకెలా తెలుసు? నేను చెప్పలేదే."

"మిగతావన్నీ గబగబా అప్పజెప్పారు. ముక్కు దగ్గర ఒక్కచోటే ఆగి ఆలోచించారు" అంది ఉమ, కాళ్లు కడుక్కోవడానికి వెళ్తూ.

నాది. గోడంత తెర మీద, పిడికిలంత గళ్లతో, నాది. రాసి చూసుకుంటున్నాను. అబద్ధంలా లేదు.

కానీ ముక్కు అంత పొడుగైతే, ఆ బరువుకు హంస ముందుకు తూలిపోదూ? అదొక్కటే దిగులు.